నాలుగు వేల మంది ఊరు, పద్నాలుగు కప్పులు

అనంతపురంలో ఫుట్‌బాల్ ఆడే పిల్లలకు ఇప్పుడు కొదవ లేదు. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళు వచ్చాక కూడా వారం వారం మ్యాచ్ ఆడుతున్న మనిషిని చూపించమంటే మాత్రం నేను చాలాసేపు ఆలోచించాలి. నేను ప్రభుత్వ హైస్కూల్లో పీఈటీని. నా చేతుల మీదుగా వెళ్ళిన పిల్లల్లో నిజంగా బాగా ఆడేవాళ్ళు, ఎడమకాలితో అంత దూరం నుంచి సరిగ్గా మనిషి కాళ్ళ ముందు బంతి పడేసేవాళ్ళు, ఈరోజు బెంగళూరులో డెలివరీ బండి నడుపుతున్నారు, తాడిపత్రిలో పాలిష్ ఫ్యాక్టరీలో ఉన్నారు, ధర్మవరంలో మగ్గం ముందు కూర్చున్నారు. పని చేసుకోవడంలో తప్పేం లేదు, అందరం చేసేదే. పనిలో చేరిన రోజే ఆట ఎందుకు ఆగిపోవాలి అనేదే నా బాధ.

ఇది బుర్రలో తిరుగుతున్నప్పుడే స్కాట్లాండ్‌లోని ఒక చిన్న ఊరి క్లబ్ గురించి చదవడం మొదలుపెట్టాను. క్లబ్ పేరు ఆఖిన్‌లెక్ టాల్బట్. ఆఖిన్‌లెక్ అనేది ఈస్ట్ ఎయిర్‌షైర్‌లో సుమారు నాలుగు వేల జనాభా ఉన్న ఊరు. మన దగ్గర అయితే మండల కేంద్రం కూడా కాదు, ఒక పెద్ద పంచాయతీ అంతే. ఆ ఊరి జట్టు 1909 నుంచి నడుస్తోంది, స్కాటిష్ జూనియర్ కప్పును పద్నాలుగు సార్లు గెలిచింది. ఆ కప్పు చరిత్రలో అన్నిసార్లు గెలిచిన క్లబ్ ఇంకొకటి లేదు. జూనియర్ అని పేరున్నా అది పిల్లల పోటీ కాదు, పెద్దవాళ్ళదే. స్కాట్లాండ్‌లో పెద్ద లీగులకు పక్కనే, వేరే సంఘం కింద, 1886 నుంచి నడిచిన ఇంకో ఫుట్‌బాల్ ప్రపంచం అది. ఊళ్ళు, గనులు, మిల్లులు, వాటి చుట్టూ ఉన్న జట్లు. ఆడేవాళ్ళు వారమంతా పని చేసుకుంటారు, శనివారం మధ్యాహ్నం బూట్లు కట్టుకుంటారు, క్లబ్ వాళ్ళకు కొద్దిగా డబ్బు ఇస్తుంది. సెమీ ప్రొఫెషనల్ అంటే ఇదే. ఆట మీద ఇల్లు గడవదు, అలాగని చేతి డబ్బులు పెట్టుకుని ఆడాల్సిన అవసరమూ ఉండదు.

టాల్బట్ అన్న పేరు అక్కడి జమీందారు నుంచి వచ్చింది, లార్డ్ టాల్బట్ డి మలహైడ్ అని. ఆఖిన్‌లెక్ ఎస్టేట్ తరతరాలుగా బాస్వెల్ కుటుంబానిది, ఆ కుటుంబపు అమ్మాయి పెళ్ళితో టాల్బట్ల ఇంటితో సంబంధం కలిసింది. పేరు జమీందారుదే అయినా జట్టును మోసింది మాత్రం బొగ్గు గని కార్మికులు. ఊళ్ళోనే హైహౌస్ గని, ఊరి బయట బారొనీ గని. తండ్రి గనిలో, కొడుకు గనిలో, శనివారం ఇద్దరూ బీచ్‌వుడ్ పార్క్‌లో. ఆ మైదానం పేరు అదే, ఈరోజుకీ అక్కడే ఆడతారు.

గనుల ఊళ్ళ గురించి తెలియనివాళ్ళకు ఆ ఊళ్ళ ఐకమత్యం కొంచెం ఎక్కువ చేసి చెప్పినట్టు అనిపించవచ్చు. 1962 నవంబర్ 8న బారొనీ గనిలో ఒక షాఫ్ట్, అంటే కిందికి దిగే నిలువు బావి, కూలిపోయి నలుగురు చనిపోయారు. కిందకి దిగినవాడు పైకి వస్తాడో రాడో అని ప్రతి ఇల్లూ ఎదురుచూసే ఊళ్ళో, మనుషులు ఒకరి మీద ఒకరు ఆధారపడటం ఉపన్యాసాలు విని నేర్చుకోరు. అదే నమ్మకం మైదానంలోకి కూడా వచ్చింది. క్లబ్బుకు కంచె వేయాలంటే వేసేవాళ్ళు ఉండేవారు, గేటు దగ్గర నిలబడాలంటే నిలబడేవాళ్ళు ఉండేవారు.

1949లో టాల్బట్ మొదటిసారి జూనియర్ కప్ గెలిచింది. ఫైనల్ గ్లాస్గోలోని హ్యాంప్‌డెన్ పార్క్‌లో, పెటర్షిల్ మీద 3-2. ఆ ఫైనల్ చూడటానికి అరవై వేలకు పైగా జనం వచ్చారు! రెండేళ్ళ తర్వాత, 1951 ఫైనల్‌కు 77,650 మంది. పనివాళ్ళ జట్ల ఆట చూడటానికి అంతమంది. ఈ అంకె చదివినప్పుడు నేను ఆగి మళ్ళీ చదివాను, ఎందుకంటే మన దేశంలో ఇప్పటి ప్రొఫెషనల్ లీగ్ మ్యాచులు చాలావాటికి ఇందులో పదో వంతు కూడా రారు.

తర్వాత కప్పు కోసం ముప్పై ఏడేళ్ళు ఆగాల్సి వచ్చింది, మళ్ళీ గెలిచింది 1986లో. ఆ సంవత్సరాన్ని ఊరి చరిత్ర పక్కన పెట్టి చూడాలి. 1983లో హైహౌస్ మూతపడింది. 1984 మార్చి నుంచి 1985 మార్చి దాకా బ్రిటన్ అంతటా గని కార్మికుల సమ్మె, ఏడాది పాటు జీతాల్లేవు, చివరికి కార్మికులు ఓడిపోయి పనిలోకి వెళ్ళారు. గనులు ఒక్కొక్కటిగా మూసేస్తున్నారు. బారొనీ 1989లో మూతపడింది. సరిగ్గా ఆ మధ్యలో, 1986, 1987, 1988, వరుసగా మూడేళ్ళు టాల్బట్ కప్ గెలిచింది. విల్లీ నాక్స్ అనే మేనేజర్ కాలం అది. కప్పు వచ్చినంత మాత్రాన ఎవరికీ ఉద్యోగం రాలేదు, ఆ మాట దాచిపెట్టి ఈ కథ అందంగా చెప్పడం నాకిష్టం లేదు. కానీ బతుకుతెరువు పోతున్న రోజుల్లో ఊరు మొత్తం ఒకచోట చేరడానికి, తలెత్తుకుని ఇంకో ఊరికి బస్సుల్లో వెళ్ళడానికి ఒక కారణం మిగిలింది. గని పోయింది, క్లబ్ పోలేదు. బారొనీ గని మీద నిలబెట్టిన ఎ అక్షరం ఆకారంలో ఉన్న పెద్ద ఇనుప చట్రాన్ని పడగొట్టకుండా గుర్తుగా ఉంచుకున్నారు, దాన్ని ఇప్పుడు జనం వెళ్ళి చూసి వస్తారు. క్లబ్ మాత్రం చూసి వచ్చే వస్తువు కాలేదు, ప్రతి శనివారం పని చేస్తూనే ఉంది.

మన పక్కన కోలార్ బంగారు గనులు 2001లో మూతపడ్డాయి, మన రామగిరి గనులూ మూతబడ్డవే. గని పోయాక ఊరికి ఏం మిగులుతుందో మనకు తెలుసు. పిల్లలు రైలెక్కుతారు, పండక్కి వస్తారు.

పక్క ఊరు కమ్‌నాక్ గురించి చెప్పకుండా ఆఖిన్‌లెక్ గురించి చెప్పలేం. రెండు మూడు కిలోమీటర్ల దూరం, అదీ గనుల ఊరే, బ్రిటన్ లేబర్ పార్టీకి పునాది వేసినవాళ్ళలో ఒకడైన కీర్ హార్డీ ఇల్లు కట్టుకుని ఉన్నది అక్కడే. కమ్‌నాక్ జూనియర్స్‌కూ టాల్బట్‌కూ మధ్య పోటీ స్కాట్లాండ్ జూనియర్ ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా వేడిది అంటారు. ఒకే గనిలో పక్కపక్కన పని చేసినవాళ్ళు, ఒకరి చెల్లెల్ని ఇంకొకరు పెళ్ళి చేసుకున్నవాళ్ళు, మ్యాచ్ రోజు చెరో వైపు. పక్క ఊరితో పౌరుషం అంటే ఏంటో మన సీమలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మన దగ్గర ఆ పౌరుషం ఎన్ని ఇళ్ళను ఏడిపించిందో కూడా తెలుసు. దానికి తొంభై నిమిషాలు, ఒక రెఫరీ, ఒక విజిల్ ఉంటే ఎంత బాగుండేది అని నేను చాలాసార్లు అనుకున్నాను. అక్కడ కూడా గొడవలు జరగలేదని కాదు, జరిగాయి. కానీ వచ్చే శనివారం ఇంకో మ్యాచ్ ఉంటుంది, లెక్క అక్కడ తేల్చుకోవచ్చు.

2003లో టామీ స్లోన్ మేనేజర్‌గా వచ్చాక టాల్బట్‌కు ఇంకో గొప్ప కాలం మొదలైంది. 2006, 2009, 2011, 2013, 2015, 2016, 2018, 2019, 2022. తొమ్మిది కప్పులు ఒక్క మనిషి కాలంలో. పెద్ద క్లబ్బుల్లో రెండేళ్ళు నిలబడే మేనేజర్లే తక్కువ. ఇక్కడ ఒకే మనిషి ఇన్నేళ్ళు ఉంటే, కుర్రాళ్ళు వస్తూ పోతూ ఉన్నా ఆట తీరు మారదు, కొత్తగా వచ్చినవాడికి ఏం చేయాలో పాతవాడే చెప్తాడు. పాఠాలు చెప్పేవాడిగా నాకు ఈ విషయం బాగా అర్థమవుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన రోజు 2019 జనవరిది. 2007-08 సీజన్ నుంచి జూనియర్ కప్ విజేతలను అసలైన స్కాటిష్ కప్‌లోకి, అంటే సెల్టిక్, రేంజర్స్ లాంటి పెద్ద క్లబ్బులు ఆడే కప్‌లోకి రానిస్తున్నారు. ఆ ఏడాది నాలుగో రౌండ్‌లో టాల్బట్‌కు ఎయిర్ యునైటెడ్ పడింది. ఎయిర్ అంటే ఆ ప్రాంతానికంతటికీ పెద్ద పట్నం. ఎయిర్ యునైటెడ్ అప్పుడు దేశంలో రెండో డివిజన్‌లో పై వరుసలో ఉంది. టాల్బట్ అప్పటికి ఆ డివిజన్ల మెట్ల వరుసలోనే లేదు. పుట్టుక చూస్తే ఎయిర్ యునైటెడ్ 1910లో ఏర్పడింది, టాల్బట్‌ కన్నా ఒక ఏడాది చిన్నది. బీచ్‌వుడ్ పార్క్‌లో మ్యాచ్. సున్నా, సున్నా, సున్నా అని సాగుతూ సాగుతూ రెండో సగంలో క్రెయిగ్ మెక్‌క్రాకెన్ గోల్ కొట్టాడు. 1-0, అంతే. అలాంటి జట్టులో ఆడేవాడు సోమవారం పొద్దున మళ్ళీ తన పనికి వెళ్ళాలి. అక్కడ తోటివాళ్ళు అతన్ని ఎలా పలకరించి ఉంటారో ఊహించుకుంటేనే నాకు సంతోషంగా ఉంటుంది.

తర్వాతి రౌండ్‌లో ఎడిన్‌బరాలో హార్ట్స్ అనే పెద్ద క్లబ్ చేతిలో 4-0తో ఓడిపోయారు. 2022లో అదే హార్ట్స్ బీచ్‌వుడ్ పార్క్‌కు వచ్చి 5-0తో గెలిచి వెళ్ళింది. ఫర్వాలేదు. దేశంలోని పెద్ద జట్టు బస్సు నాలుగు వేల మంది ఊళ్ళో ఆగింది కదా. అలాగే 2023 జనవరిలో, అప్పట్లో టాల్బట్ ఆడిన లీగ్‌లోనే ఉన్న డార్వెల్, లేసు అల్లే మిల్లులకు పేరున్న ఇంకో చిన్న ఊరు, అబర్డీన్‌ను 1-0తో ఓడించింది. అబర్డీన్ 1983లో యూరప్ కప్ విన్నర్స్ కప్ గెలిచిన క్లబ్. ఆరో మెట్టు జట్టు మొదటి మెట్టు జట్టును ఓడించింది. ఆరో మెట్టు అని ఎందుకన్నానంటే, 2020లో పశ్చిమ స్కాట్లాండ్ జూనియర్ క్లబ్బులన్నీ పెద్ద లీగుల కిందికి, వెస్ట్ ఆఫ్ స్కాట్లాండ్ లీగ్‌గా వచ్చి చేరాయి. ఇప్పుడు లెక్క ప్రకారం కింది నుంచి గెలుస్తూ పోతే పైదాకా దారి ఉంది. పాత జూనియర్ కప్‌ను మాత్రం వదల్లేదు, అదీ ఆడుతున్నారు.

ఇక ఇలాంటి క్లబ్ ఎలా నడుస్తుంది అన్నది. నాకు అసలు కావాల్సింది ఇదే.

టీవీ డబ్బులు ఉండవు. ఎవరో కోటీశ్వరుడు కొనుక్కున్నదీ కాదు. ఒక కమిటీ ఉంటుంది, కార్యదర్శి, కోశాధికారి, ఇద్దరు ముగ్గురు పెద్దలు, ఎవరికీ జీతం లేదు. వారంలో రెండు సాయంత్రాలు ప్రాక్టీస్, ఎందుకంటే ప్లంబరు, ఎలక్ట్రీషియను, టీచరు అందరూ పని ముగించుకుని రావాలి. శనివారం మ్యాచ్. గేటు దగ్గర టికెట్ డబ్బులు, లోపల వేడి వేడిగా మటన్ పై అనే తినుబండారం, టీ, సగం ఆటప్పుడు లాటరీ చీటీ, వచ్చిన డబ్బులో సగం గెలిచినవాడికి, సగం క్లబ్‌కు. చుట్టూ కంచె మీద ఊళ్ళోని మటన్ కొట్టువాడిదో, ఇళ్ళకు పెయింట్ వేసే కాంట్రాక్టరుదో బోర్డు. గడ్డి కత్తిరించేది, గీతలు గీసేది, జెర్సీలు ఉతికేది అంతా ఊరివాళ్ళే. జనవరిలో మంచు పడి నేల గట్టిపడితే పొద్దున్నే రెఫరీ వచ్చి చూసి మ్యాచ్ వాయిదా వేస్తాడు, ఆ వారం గేటు డబ్బులు పోతాయి, మళ్ళీ ఎవరో ఒకరు చందా అడుగుతారు. ఇవేవీ పెద్ద పనులు కావు. నూరేళ్ళు ఆపకుండా చేయడమే కష్టం.

ఊరికి దీనివల్ల ఏం ఒరిగింది అని ఎవరైనా అడిగితే, రిటైరైన మనిషికి శనివారం వెళ్ళడానికి ఒక చోటు దొరికింది అంటాను. భార్య పోయిన పెద్దాయన రెండు వారాలు కనపడకపోతే గేటు దగ్గర వాకబు చేసేవాళ్ళు ఉంటారు. గ్లాస్గోలో ఉద్యోగం చేసే కొడుకు మ్యాచ్ ఉందని ఇంటికొస్తాడు. పదేళ్ళ పిల్లాడికి హీరో టీవీలో ఉండడు, వాళ్ళ వీధిలో నీళ్ళ పైపులు బాగుచేస్తుంటాడు. ఈ చివరిదే నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది. మా స్కూల్ పిల్లలకు మెస్సీ తెలుసు, రొనాల్డో తెలుసు, సొంత ఊళ్ళో ఆడే పెద్దమనిషి ఒక్కడు కూడా తెలియదు.

స్కాట్లాండ్ మొత్తం జనాభా సుమారు 55 లక్షలు. 2011 జనాభా లెక్కల్లో మన ఉమ్మడి అనంతపురం జిల్లా 40 లక్షల పైచిలుకు. పెద్ద తేడా లేదు. అక్కడ పై నాలుగు డివిజన్లలోనే 42 క్లబ్బులు ఉన్నాయి, వాటిలో కింది రెండు డివిజన్లవి ఎక్కువ భాగం సెమీ ప్రొఫెషనలే. దాని కింద హైలాండ్, లోలాండ్ లీగులు, దాని కింద టాల్బట్ లాంటివి వందకు పైగా. మన దగ్గర పిల్లల దశలో ఏ లోటూ లేదని ధైర్యంగా చెప్తాను. 1969లో విన్సెంట్ ఫెర్రర్ గారు ఈ జిల్లాకు వచ్చి మొదలుపెట్టిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ పుణ్యమా అని మనకు స్పోర్ట్స్ విలేజ్ ఉంది, పచ్చటి మైదానాలు ఉన్నాయి, స్పెయిన్ ఫుట్‌బాల్ లీగ్ లా లీగావాళ్ళు కలిసి పనిచేసిన ఫుట్‌బాల్ అకాడమీ ఉంది, పల్లెల్లోంచి ఆడపిల్లలు వచ్చి ఆడుతున్నారు. కరువు జిల్లా అని పేరున్న చోట ఇది ఎంత పెద్ద విషయమో బయటివాళ్ళకు తెలియదు. నా చిన్నప్పుడు ఎర్రమట్టి నేల మీద ఆడేవాళ్ళం, పల్లేరుకాయలు గుచ్చుకుని బాల్ పంక్చర్ అయితే ఆ రోజు ఆట అయిపోయినట్టే.

మరి పద్దెనిమిది దాటాక? ఒకరిద్దరు పెద్ద క్లబ్బులకు, స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలకు వెళ్తారు. మిగతావాళ్ళకు సంక్రాంతికో, దసరాకో ఊళ్ళో జరిగే టోర్నమెంట్ ఒకటి. నాయకుల ఫ్లెక్సీలు కడతారు, మొదటి బహుమతి ఇంత అని మైకులో చెప్తారు, అప్పటికప్పుడు పోగైన జట్టు మూడు రోజులు ఆడి విడిపోతుంది. ఆ డబ్బు ఇచ్చేవాళ్ళను నేను తప్పుపట్టను, వాళ్ళు లేకపోతే ఆ మూడు రోజులు కూడా ఉండవు. కానీ జట్టుకు పేరు ఉండదు, రిజిస్టర్ ఉండదు, వచ్చే ఏడాది అదే జట్టు ఉంటుందన్న నమ్మకం ఉండదు. మా పాత విద్యార్థి ఒకడు బజార్లో కనిపిస్తే ఆడుతున్నావా అని అడిగాను. "పనైపోయినాక ఆడుదామనే ఉంటుంది సార్, ఆడేదానికి యాడుంది సార్ మనకు?" అన్నాడు. వాడికి ఇరవై నాలుగేళ్ళు. ఫుట్‌బాలర్‌కు అది మంచి వయసు మొదలయ్యే సమయం.

నేను అడుగుతున్నది స్టేడియం కాదు. మనకు మైదానాలు ఉన్నాయి. అనంతపురం, గుంతకల్లు, తాడిపత్రి, ధర్మవరం, కదిరి, హిందూపురం, కళ్యాణదుర్గం, రాయదుర్గం. ఎనిమిది ఊళ్ళు, ఎనిమిది క్లబ్బులు, పద్దెనిమిది దాటినవాళ్ళకు. ఆదివారం సాయంత్రం ఎండ తగ్గాక మ్యాచ్. ఆటగాడికి బస్సు ఛార్జీ, ఆ రోజు భోజనం, మోకాలికి దెబ్బ తగిలితే ఎక్స్‌రే ఖర్చు, అంతకుమించి ఇప్పుడే వద్దు. గుంతకల్లు రైల్వేవాళ్ళ ఊరు, అక్కడ షిఫ్టు డ్యూటీల మధ్య ఆడేవాళ్ళు తప్పకుండా దొరుకుతారు. తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీలవాళ్ళు కంచె మీద ఒక బోర్డుకు డబ్బు ఇవ్వరా? ఇస్తారు, క్రికెట్ టోర్నీలకు ఇస్తున్నారు కదా. టికెట్ పది రూపాయలు పెడితే చాలు, కానీ ఉచితం మాత్రం వద్దు. పది రూపాయలు ఇచ్చి లోపలికి వచ్చినవాడు మన జట్టు అంటాడు. బయట మిరపకాయ బజ్జీలు, బొరుగుల మసాలా అమ్ముకునేవాళ్ళు ఎలాగూ వస్తారు, వాళ్ళను క్లబ్ తరపునే లోపల పెట్టుకోవాలి.

ఒక్క విషయంలో మాత్రం నేను మొండిగా ఉంటాను. క్లబ్ ఏ ఒక్క నాయకుడి పేరు మీదా, ఏ ఒక్క కులం పేరు మీదా ఉండకూడదు. ఊరి పేరే ఉండాలి. టాల్బట్ పేరులో జమీందారు ఉన్నాడు కదా అని మా సహోద్యోగి ఒకాయన అన్నారు. ఉన్నాడు, కానీ కప్పులు గెలిచిన రోజు ఊరేగింది గని కార్మికుల పిల్లలు. మనం మొదలుపెట్టేటప్పుడే సభ్యత్వం పెట్టాలి, ఏడాదికి వంద రూపాయలు, వంద కట్టిన ప్రతి మనిషికి ఒక ఓటు, లెక్కల పుస్తకం ప్రతి మ్యాచ్ రోజు గేటు దగ్గర అందరికీ కనపడేలా. ఆడవాళ్ళకూ సభ్యత్వం, ఆడవాళ్ళకూ జట్టు. అకాడమీలో అంత బాగా ఆడిన అమ్మాయిలు పెళ్ళయ్యాక బంతి ముట్టుకోకపోవడం చూసి నాకు అబ్బాయిల కన్నా వాళ్ళ గురించే ఎక్కువ బాధగా ఉంటుంది.

మా స్కూల్ దగ్గర పాత విద్యార్థులు పద్నాలుగు మంది పేర్లు ఇచ్చారు. ఒక ఎలక్ట్రీషియన్, ఇద్దరు ఆటో డ్రైవర్లు, ఒక మెడికల్ షాపు అబ్బాయి, ఒక సచివాలయం ఉద్యోగి, మిగతావాళ్ళు రోజు కూలీ, చిన్నా చితకా పనులు. గోల్‌కీపర్ ఒక్కడే ఉన్నాడు, ఇంకొకడు కావాలి. రెఫరీలుగా నాతోపాటు ఇద్దరు పీఈటీలు ఒప్పుకున్నారు. హెడ్‌మాస్టర్ గారు ఆదివారాలు గ్రౌండ్ వాడుకోమన్నారు, తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. మిగతా ఏడు ఊళ్ళలో ఇలా పేర్లు రాసుకునే మనిషి ఒక్కొక్కరు కావాలి.